లా చదవాలనుకునేవారు డిగ్రీలో ఏ మేజర్ తీసుకోవాలి?

ప్రశ్న: ఈ ఏడాది ఎంపీసీతో ఇంటర్మీడియట్ పూర్తి చేశాను. లాయరు కావాలన్నది నా కోరిక. ఐదేళ్ల కోర్సులో ఇప్పుడే చేర్పించడం మా నాన్నగారికి ఇష్టం లేదు. ముందు ఒక డిగ్రీ చేతికొస్తే, మూడేళ్ల ఎల్ఎల్‌బీ సంగతి తర్వాత చూద్దామంటున్నారు. మా అధ్యాపకులొకరు పొలిటికల్ సైన్స్ తప్ప మరేదీ పనికిరాదన్నారు. బంధువులేమో బీకాం కంప్యూటర్స్ అంటున్నారు. నాకు లెక్కలంటే ఇష్టం, బట్టీ పట్టడం చేతకాదు. ఏ మేజర్ తీసుకోమంటారు?
– ఒక పాఠకురాలు, నంద్యాల

జవాబు: మూడేళ్ల ఎల్ఎల్‌బీలో చేరడానికి డిగ్రీలో ఫలానా సబ్జెక్టే చదివి ఉండాలన్న నిబంధన ఏదీ లేదు. గుర్తింపు ఉన్న విశ్వవిద్యాలయం నుంచి ఏ డిగ్రీ అయినా సరిపోతుంది. లా చదువును, లాయర్ల వృత్తిని నియంత్రించే బార్ కౌన్సిల్ నిబంధనలు పట్టించుకునేది మార్కులనే: జనరల్ అభ్యర్థులకు 45 శాతం, బీసీలకు 42, ఎస్సీ, ఎస్టీలకు 40 శాతం ఉండాలి. ప్రవేశ పరీక్ష అయిన లాసెట్‌లో 90 నిమిషాల్లో 120 ప్రశ్నలకు జవాబులు గుర్తించాలి; వాటిలో సగం జనరల్ నాలెడ్జ్, మెంటల్ ఎబిలిటీ, వర్తమాన వ్యవహారాల మీద, మిగతా సగం న్యాయశాస్త్రం చదవడానికి తగిన అభిరుచి మీద ఉంటాయి. రాజ్యాంగం గురించిన ప్రశ్నల్లో పొలిటికల్ సైన్స్ విద్యార్థికి కొంత వెసులుబాటు ఉంటుందన్నది నిజమే కానీ, కొన్ని నెలల శ్రద్ధతో ఎవరైనా అందుకోగలిగిన దాని కోసం మూడేళ్ల చదువును ఖాయం చేసుకోనక్కరలేదు. సుప్రీంకోర్టు న్యాయమూర్తిగా పనిచేసిన జాస్తి చలమేశ్వర్ గారు మద్రాసు లయోలా కళాశాలలో ఫిజిక్స్ చదివి, ఆ తర్వాతే ఆంధ్ర విశ్వవిద్యాలయంలో లా చదివారు.

మీ నాన్నగారి మాటను తేలిగ్గా తీసేయలేం. ఐదేళ్ల కోర్సులో చేరినవారు మూడో ఏడాది తర్వాత మనసు మార్చుకుంటే, అప్పటిదాకా చదివినదానికి ఒక డిగ్రీ ఇచ్చి పంపే పద్ధతిని బార్ కౌన్సిల్ అనుమతించదు. అయితే మీరు ఎంచుకుంటున్న దారిలో ఒక ఏడాది ఎక్కువ పడుతుంది. న్యాయమూర్తి కావాలన్న ఆలోచన కూడా ఉంటే, జూనియర్ సివిల్ జడ్జి పరీక్షకు మూడేళ్ల ప్రాక్టీసు తప్పనిసరి అని 2025 మే నెలలో సుప్రీంకోర్టు తీర్పునిచ్చిన సంగతిని కూడా లెక్కలో వేసుకోండి. ఈ కాలమంతా ఇంట్లో వాళ్లకు ముందే తెలిసి ఉండటం మంచిది.

ఇక సబ్జెక్టు సంగతి. మీ ఇంట్లో పాత విక్రయ దస్తావేజు ఏదైనా ఉంటే ఒకసారి తీసి చదవండి. ఎవరు ఎవరికి అమ్మారు, ఆ ఆస్తి అమ్మినవారికి ఎలా సంక్రమించింది, సర్వే నంబరు ఎంత, విస్తీర్ణం ఎన్ని సెంట్లు, తూర్పు హద్దు ఎవరి పొలం, పడమటి హద్దు ఏ పుంత, పైకం ఎప్పుడు ముట్టింది, ఇవన్నీ ‘పుత్రపౌత్ర పారంపర్యంగా’ అంటూ ఎక్కడా ఆగకుండా సాగిపోయే ఒకటి రెండు వాక్యాల్లో ఉంటాయి. దాన్ని విడదీసుకుని చదివి, ఏ మెలిక ఎక్కడుందో, ఏ వివరం రాయకుండా వదిలేశారో పట్టుకోవడమే సివిల్ లాయరు పనిలో పెద్ద భాగం. మెట్టు తర్వాత మెట్టుగా లెక్క చేసే అలవాటున్నవారికి ఈ పని తొందరగా పట్టుబడుతుంది.

అందుకే మీకు నా మొదటి సలహా ఎకనామిక్స్. మీ లెక్కల ఇష్టం అక్కడ వృథా పోదు. పన్నులు, కంపెనీలు, వ్యాపార సంస్థల మధ్య పోటీకి సంబంధించిన చట్టం లాంటి రంగాల్లో ఆ చదువు నేరుగా అక్కరకొస్తుంది. ఒకవేళ లా వైపు వెళ్లకపోయినా ఎంఏ చేయడానికి, పోటీ పరీక్షలు రాయడానికి దారి ఉంటుంది. వీలుంటే పొలిటికల్ సైన్స్‌ను మైనర్‌గా పెట్టుకోండి, మీ అధ్యాపకుల మాటా నిలబడుతుంది. ఎకనామిక్స్ చెప్పే మంచి అధ్యాపకులు దగ్గర్లో దొరకకపోతే బీకాం తీసుకోండి. చెక్ బౌన్స్ కేసులు, జీఎస్టీ వివాదాలు, 2016 నాటి దివాలా స్మృతి కింద వచ్చే పిటిషన్లు, అన్నీ చివరికి ఖాతా పుస్తకాల దగ్గరికే చేరతాయి. బ్యాలెన్స్ షీట్ చూడగానే ఆడిటరుకు ఫోను చేసే లాయర్లు మన దగ్గర తక్కువేమీ కాదు. బీకాం పక్కన ‘కంప్యూటర్స్’ అన్న తోక ఉందా లేదా అన్నది మాత్రం మీ విషయంలో పెద్ద తేడా తీసుకురాదు.

ఏ మేజర్ తీసుకున్నా రెండు భాషలనూ వదలకండి. హైకోర్టు వ్యవహారమంతా ఇంగ్లీషులో నడుస్తుంది. కింది కోర్టులో సాక్షి చెప్పేది, కక్షిదారు తెచ్చే కాగితాల్లో చాలా భాగం తెలుగులో ఉంటాయి. ఇంగ్లీషులో ఒక తీర్పు చదివి, దాని సారాంశాన్ని ఒక పేజీలో తెలుగులో రాయడం ఇప్పటినుంచే వారానికోసారి చేయండి.

ప్రశ్న: బీఎస్సీ కెమిస్ట్రీ చివరి సంవత్సరంలో ఉన్నాను. ఇప్పుడు లా వైపు మనసు పోతోంది. ఈ మూడేళ్లూ వృథా అయినట్టేనా?
– ఒక పాఠకుడు, వరంగల్

జవాబు: కానే కాదు. కొత్త ఆవిష్కరణలపై హక్కుల (పేటెంట్ల) దరఖాస్తులు చూసే పేటెంట్ ఏజెంటు కావడానికి పరీక్ష రాయాలంటే సైన్స్, ఇంజినీరింగ్ లేదా టెక్నాలజీ డిగ్రీ ఉండాలి. బీఏ, బీకాం చదివినవారికి ఆ అవకాశం లేదు. మందుల కంపెనీలు ఇన్ని ఉన్న హైదరాబాదు మీకు దగ్గరే. క్రిమినల్ ప్రాక్టీసు ఎంచుకున్నా, మాదకద్రవ్యాల కేసుల్లో ప్రయోగశాల నివేదికను ఆధారంగా చేసుకుని సాక్షిని ప్రశ్నించాల్సి వచ్చినప్పుడు మీ చదువు పనికొస్తుంది. మార్కుల విషయంలో మాత్రం జాగ్రత్త పడండి: 44.5 శాతాన్ని 45గా సర్ది చూడటం లాసెట్‌లో ఉండదు కాబట్టి, బ్యాక్‌లాగులేమైనా ఉంటే ముందు వాటి సంగతి చూడండి.