ఫ్రాకింగ్ వల్ల ఇంటి బోరు నీళ్ళు పాడైతే అమెరికా చట్టం ఏం చేయగలదు?

ఫ్రాకింగ్ అంటే లోతున ఉన్న షేల్ అనే రాతిని ద్రవం ఒత్తిడితో పగలగొట్టి గ్యాస్ తీయడం. దీని మీద అందరూ అడిగేది 2005 మినహాయింపు గురించే. ఆ ఏడాది ఎనర్జీ పాలసీ యాక్ట్ ఫ్రాకింగ్‌ని తాగునీటి చట్టంలోని భూగర్భ ఇంజెక్షన్ (భూమిలోకి ద్రవాలు ఎక్కించడం) నిబంధనల నుంచి తప్పించింది, డీజిల్ వాడితే తప్ప. తప్పే చేసింది. కానీ ఎక్కడో కిలోమీటరున్నర, రెండు కిలోమీటర్ల కింద పగిలిన షేల్ లోంచి ద్రవం పైదాకా పాకి బోరులో కలవడం చాలా అరుదు. కొంప ముంచేది సిమెంటు.

2009 జనవరి 1న పెన్సిల్వేనియాలోని డిమాక్‌లో ఓ ఇంటి బోరు పేలి, పైనున్న కాంక్రీటు మూత పగిలిపోయింది. లోపల చేరింది మీథేన్ అనే మండే గ్యాస్. ఇలాంటి చోట్ల మొదట అనుమానించాల్సింది గ్యాస్ బావి కేసింగ్ (బావిలో దించే ఉక్కు పైపు) చుట్టూ పోసిన సిమెంటునే. ఆ పైపు, తవ్విన రంధ్రానికి నడిమధ్యలో నిలవకుండా ఓ పక్కకి ఒరిగితే, ఇరుకైన వైపు డ్రిల్లింగ్ మడ్ (తవ్వేటప్పుడు వాడే బురద) అలాగే ఉండిపోతుంది, సిమెంటు అటు పోదు. పైపుని మధ్యలో నిలిపే సెంట్రలైజర్ల దగ్గర పిసినారితనం చేస్తే జరిగేది ఇదే. పైగా సిమెంటు గట్టిపడేటప్పుడు రాతిమీద దాని ఒత్తిడి తగ్గుతుంది, ఆ కొన్ని గంటల్లో మధ్య పొరల గ్యాస్ లోపలికి దూరి దారి చేసుకుంటుంది. అంటే ఫ్రాకింగ్ మొదలుకాకముందే పని చెడుతుంది. "మా ఫ్రాకింగ్ వల్ల కాదు" అని కంపెనీ లాయరు అంటే, అక్షరాలా అది నిజమే కావచ్చు!

పెన్సిల్వేనియా 2012లో తెచ్చిన యాక్ట్ 13 నాకు నచ్చేది ఇందుకే. షేల్ గ్యాస్ బావికి 2,500 అడుగుల లోపు, పని పూర్తయిన 12 నెలల లోపు నీళ్ళు పాడైతే కంపెనీదే తప్పని ముందే అనుకుంటుంది. కాదని నిరూపించుకోవడం వాళ్ళ పని. అయితే డ్రిల్లింగుకి ముందు మీ బోరు నీళ్ళ శాంపిల్ తీస్తామని కంపెనీ వాళ్ళు వస్తే గుమ్మంలోంచే పంపేశారా, ఆ రక్షణ పోయినట్టే. రానివ్వండి, మీరూ విడిగా సర్టిఫైడ్ ల్యాబుతో తీయించుకోండి.

శాంపిల్ దగ్గరే చాలామంది బోల్తా పడతారు. ఫిల్టరుకి, నీటి కాఠిన్యం తగ్గించే సాఫ్ట్‌నర్‌కి ముందున్న కుళాయి నుంచే పట్టాలి. నీటి ఉష్ణోగ్రత, కండక్టివిటీ (విద్యుత్ వాహకత) స్థిరపడేదాకా నీళ్ళు వదిలేయాలి. మీథేన్‌కి పట్టే సీసాలో ఒక్క బుడగైనా మిగలకూడదు. గ్యాస్ ఆ ఖాళీలోకి చేరి రీడింగు తగ్గిపోతుంది. వెంటనే ఐసులో పెట్టాలి. మీథేన్‌తో పాటు ఈథేన్, క్లోరైడ్, బేరియం, స్ట్రాన్షియం అడగండి. సూక్ష్మజీవులు తయారుచేసే గ్యాస్‌లో ఈథేన్ దాదాపు ఉండదు కాబట్టి, ఈథేన్ గట్టిగా కనిపిస్తే గ్యాస్ లోతునుంచి వచ్చిందనుకోవాలి. కుళాయికి అగ్గిపుల్ల గీసిన వీడియోలు పట్టుకొస్తారు కొందరు. డ్రిల్లింగుకి ముందు కూడా మండే బోర్లు ఆ ప్రాంతంలో ఉన్నాయి, వీడియోతో కేసు నిలవదు.