చూపును కాదు, నాలుకను చూడండి

ప్రశ్న: నమస్తే మేడమ్. మా బాబుకి మొన్ననే ఐదు నెలలు నిండాయి. పుట్టినప్పటి నుంచీ నా పాలే. మేం భోంచేస్తుంటే కన్నార్పకుండా కంచం వైపే చూస్తాడు. నా చెయ్యి నోటిదాకా వెళ్తే వాడి నోరూ కదులుతుంది. చొంగ కారుస్తున్నాడు, పిడికిలి మొత్తం నోట్లో కుక్కుకుంటున్నాడు. ఇదివరకు రాత్రి ఒక్కసారే లేచేవాడు, ఇప్పుడు మూడుసార్లు లేస్తున్నాడు. ‘నీ పాలు చాలట్లేదు, పిల్లాడు ఆకలికి లేస్తున్నాడు’ అని మా అత్తగారు రోజూ అంటున్నారు. డాక్టరేమో ఆరు నెలలు నిండేదాకా ఆగమన్నారు. ఇంకో నెలపాటు వాణ్ణి ఆకలితో మాడుస్తానేమోనని టెన్షన్‌గా ఉంది.

జవాబు: ముందు ఆ ఆకలి మాట తేల్చేద్దాం. బాబు రోజుకు ఆరు డైపర్లైనా బాగా తడుపుతున్నాడా? తూకం వేసినప్పుడల్లా బరువు పెరుగుతూ, టీకాల కార్డులోని ఎదుగుదల చార్టులో వాడి గీత వెంటే వెళ్తోందా? పాలు తాగాక హుషారుగా ఉంటున్నాడా? అన్నిటికీ అవునంటే మీ పాలు చాలుతున్నట్టే. ఈ ముక్క అత్తగారికి మీరు చెప్పడం కన్నా, ఈసారి తూకానికి వెళ్లేటప్పుడు ఆవిడనే వెంట తీసుకెళ్లడం మంచిది. కాటా మీద అంకెను ఆవిడే చూస్తారు.

ఇక కంచం వైపు చూపు. ఈ చూపుకి నేనూ పడిపోయాను. అప్పటికే పిల్లల వార్డులో నర్సుగా నాలుగేళ్ల సర్వీసు నాది. అయినా మా పెద్దమ్మాయి నాలుగున్నర నెలలకే కంచం వైపు చెయ్యి చాపేసరికి పొంగిపోయి, మెత్తగా చేసిన అరటిపండు చెంచాతో పెట్టాను. పెట్టిందంతా గడ్డం మీదకి వచ్చేసింది. గడ్డం మీద ఉన్నది గీకి మళ్లీ నోట్లో పెట్టాను. మళ్లీ బయటికే. రుచి నచ్చలేదేమో అనుకుని మర్నాడు బంగాళదుంప, ఆ తర్వాత యాపిల్ ఉడికించి పెట్టాను. మూడు రోజుల్లో పిల్ల కడుపులోకి వెళ్లినదాని కన్నా నేను గుడ్డతో తుడిచిందే ఎక్కువ. మా వార్డు హెడ్ నర్సుకి చెప్తే నవ్వేసి, ‘అది రుచి గొడవ కాదే, నాలుక గొడవ’ అంది.

పాలు తాగే పిల్లల నాలుక పెదవికి ఏది తగిలినా ముందుకు తోసేస్తుంది. పాలు చీకడానికి అది పనికొస్తుంది, గట్టి వస్తువేదీ గొంతులోకి జారకుండానూ కాపాడుతుంది. ఈ అలవాటు సాధారణంగా నాలుగు నుంచి ఆరు నెలల మధ్య మెల్లగా తగ్గుతుంది. అది పోయేదాకా చెంచాతో మనం ఎంత కుస్తీపట్టినా లాభం లేదు. కాబట్టి మీరు చూడాల్సింది కళ్లను కాదు, నాలుకను. శుభ్రమైన ఖాళీ చెంచా కింది పెదవికి ఆనించి చూడండి. తోసేస్తే ఇంకా టైమ్ ఉంది. పెదవులు మూసి దాన్ని పట్టుకోబోతే దారిలో పడ్డాడన్నమాట.

దీంతోపాటు ఇంకో రెండు చూసుకోండి. ఒళ్లో కూర్చోబెడితే మెడ తూలకుండా, తల నిటారుగా నిలబెట్టుకుని కాసేపు కూర్చోగలగాలి. దిండ్ల మధ్య కుదేస్తే పక్కకి ఒరిగిపోయేది లెక్కలోకి రాదు. రెండోది, ఎదురుగా ఉన్న వస్తువును చూసి, చేత్తో అందుకుని, గురితప్పకుండా నోట్లో పెట్టుకోవాలి. మెడ, చెయ్యి, నాలుక ఈ మూడూ కలిసి రావడం చాలామంది పిల్లల్లో ఆరు నెలల దగ్గర్లోనే. పిడికిలి చీకడం, చొంగ కార్చడం ఆ వయసులో అందరూ చేసేవే. కంచం వైపు చూసినట్టే మీ తాళంచెవుల వైపూ చూస్తాడు, కావాలంటే గమనించండి.

రాత్రి లేవడం గురించి నిజం చెప్పాలి. పాలు తాగే పిల్లలు నాలుగైదు నెలలప్పుడు మళ్లీ ఎక్కువసార్లు లేవడం మామూలే. నిద్ర తీరు మారుతుంటుంది, బోర్లాపడటం నేర్చుకుంటుంటారు. ‘కడుపు నిండా పెడితే తెల్లారేదాకా పడుకుంటాడు’ అన్న మాటలో అస్సలు నిజం లేదని అనను. దాదాపు 1,300 మంది పిల్లలతో చేసిన ఒక బ్రిటిష్ అధ్యయనం 2018లో వచ్చింది. మూడు నెలల నుంచే బయటి తిండి పెట్టినవాళ్లు, ఆరు నెలలప్పుడు చూస్తే, మిగతావాళ్ల కన్నా రాత్రికి సుమారు 16 నిమిషాలు ఎక్కువ నిద్రపోయారు. ఆ పదహారు నిమిషాల కోసం తొందరపడాలా అన్నది మీ ఇష్టం. నేనైతే పడను.

అలాగని ఆరు నెలలు దాటాక బద్ధకించడానికీ వీల్లేదు. నెలలు నిండి పుట్టిన బిడ్డ కడుపులో ఉన్నప్పుడు దాచుకున్న ఐరన్ ఇంచుమించు ఆరు నెలల దాకానే వస్తుంది. తల్లిపాలలో ఐరన్ బాగా ఒంటికి పడుతుంది కానీ, ఉండేదే తక్కువ. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆరు నెలల దాకా తల్లిపాలే, ఆ తర్వాత బయటి తిండితోపాటు రెండేళ్లూ ఆపైనా తల్లిపాలు అనడానికి ఉన్న కారణాల్లో ఇదొకటి. 180వ రోజు తెల్లారగానే గేటు తెరుచుకుంటుందని కాదు. మూడు గుర్తులూ కనిపించి డాక్టర్ సరేనంటే వారం ముందు మొదలైనా కొంప మునగదు. నాలుగు నెలలలోపు మాత్రం ఎవరు చెప్పినా వద్దు.

మొదట్లో రోజుకు రెండు మూడు చెంచాలు చాలు, అదీ పాలు తాగి స్థిమితంగా ఉన్నప్పుడు. నీళ్లలా పలచగా మాత్రం చెయ్యకండి. ఆరు నుంచి ఎనిమిది నెలల మధ్య బయటి తిండి నుంచి రావలసింది రోజుకు 200 కేలరీల దాకానే. పలచటి సూపుతో పొట్ట నింపితే ఆ కేలరీలూ రావు, పాలూ తగ్గుతాయి. చెంచా వంచితే కారిపోకుండా నిలిచేంత చిక్కగా ఉండాలి. బాగా ఉడికిన గుడ్డు, మెత్తగా చేసిన మాంసం, పప్పు లాంటివి తొందరలోనే చేర్చండి, ఐరన్ వాటిలోంచే రావాలి. ఉప్పు, చక్కెర అక్కర్లేదు. తేనె ఏడాది నిండేదాకా నాకించను కూడా నాకించొద్దు, అందులో ఉండే ఒకరకం బ్యాక్టీరియా పసిపిల్లలకు ప్రమాదం.

ప్రశ్న: మా పాప ఆరు వారాలు ముందే పుట్టింది. ఇప్పుడు ఆరు నెలలు నిండాయి. కూర్చోబెడితే ఇంకా తల వాలుస్తోంది. అయినా సాలిడ్స్ మొదలుపెట్టేయాలా?

జవాబు: తల వాలుస్తుంటే ఇవాళే పెట్టకండి. పుట్టాల్సిన రోజు నుంచి లెక్కేస్తే పాపకి ఇప్పుడు నాలుగున్నర నెలలే. మెడ, నాలుక ఆ లెక్క ప్రకారమే నడుస్తాయి. ఐరన్ సంగతి మాత్రం తిరగబడుతుంది. బిడ్డ ఐరన్‌ను ఎక్కువగా దాచుకునేది కడుపులో ఉన్న చివరి మూడు నెలల్లో, మీ పాపకి అందులో ఆరు వారాలు తగ్గాయి. డాక్టర్ ఐరన్ చుక్కలు రాసే ఉంటారు, మానకండి. రాయకపోయి ఉంటే ఈ వారమే వెళ్లి అడగండి, బయటి తిండి ఎప్పుడు మొదలుపెట్టాలో కూడా అప్పుడే తేల్చుకోండి. ఇలాంటి పిల్లల విషయంలో నా కాలమ్ కన్నా పాపను ఎత్తుకుని చూసిన డాక్టర్ మాటే నయం.

ప్రశ్న: ఆరున్నర నెలల బాబుకి మొదటిరోజు రెండో చెంచాకే ఓకరింపు వచ్చింది. భయపడి మానేశాం. పది రోజులైంది.

జవాబు: ఈ వయసులో ఓకరింపు వచ్చే చోటు నాలుక మీద ముందుకే ఉంటుంది, అందుకే కొంచెం వెనక్కి వెళ్లినా ‘ఓక్’ అంటారు. మొహం ఎర్రబడి, చప్పుడు చేస్తూ, దగ్గుతూ ఉంటే బాబు తనే సర్దుకుంటున్నాడు. వేలు పెట్టి తీయబోకండి, ఇంకా లోపలికి పోతుంది. భయపడాల్సింది చప్పుడు లేనప్పుడు. ఏడుపూ దగ్గూ రాక, పెదవులు నీలంగా మారితే గొంతుకు అడ్డుపడినట్టు. అప్పుడు వీపు మీద ఎలా తట్టాలో, ఛాతీ మీద ఎలా నొక్కాలో టీకాలకు వెళ్లినప్పుడు నర్సునడిగి చేయించుకుని మరీ నేర్చుకోండి. ఇంట్లో ఇద్దరికైనా వచ్చి ఉండాలి. ఇక పది రోజుల సెలవు చాలు. రేపే నిటారుగా కూర్చోబెట్టి, ఈసారి చెంచా చివర కొంచెమే పెట్టి, దాన్ని నోట్లోకి దోపకుండా పెదవి దగ్గర ఆపండి. తనే ముందుకు వంగి అందుకోనివ్వండి.