చేతులు తిమ్మిరెక్కుతుంటే, సైకిల్ హ్యాండిల్ బార్ మీద తెల్లపొడి కనిపిస్తే

మీ సైకిల్‌కున్న 44 సెం.మీ. వెడల్పు హ్యాండిల్ బార్‌తో గంట తొక్కేసరికి అరచేతులు తిమ్మిరెక్కుతున్నాయని, బార్‌కి చుట్టిన టేప్ విప్పితే తెల్లపొడి రాలిందని రాశారు కదండీ. ముందు ఆ పొడి సంగతి చూడండి. చెమటలోని ఉప్పు అల్యూమినియాన్ని తినేస్తోందన్నమాట. తడిగుడ్డతో తుడిచి, బ్రేక్ లివర్ల పట్టీల కింద, స్టెమ్ (బార్‌ని సైకిల్‌కి పట్టి ఉంచే ముక్క) పక్కన గోరుతో తడమండి. గుంటలు గానీ పగుళ్లు గానీ తగిలితే బార్ మార్చేయాల్సిందే. బార్ చెప్పి విరగదు.

కొత్తదానికి రెండు భుజాల ఎముకల చివర్ల మధ్య దూరం ఎవరిచేతనైనా కొలిపించుకోండి, దానికి దగ్గరి సైజు తీసుకోండి. కొన్ని కంపెనీలు గొట్టం మధ్య నుంచి, కొన్ని బయటి అంచు నుంచి కొలుస్తాయి, అడిగి కొనండి. స్టెమ్ దగ్గర బార్ వ్యాసం ఇప్పుడు చాలావాటికి 31.8 మి.మీ.; పాత సైకిలైతే 26 కావచ్చు. బోల్టులు ఎదురుమూలలుగా కొంచెం కొంచెం బిగించండి, స్టెమ్ మీద న్యూటన్ మీటర్లలో (Nm) రాసిన బిగింపు పరిమితి దాటొద్దు. సీటు ముక్కు కిందికి వాలినా బరువంతా చేతుల మీదే పడుతుంది, అదీ చూడండి.