స్టేప్లర్ చెడిందా, సెట్టింగ్ తప్పిందా? ఆపరేషన్ నోట్స్‌లోని ఖాళీని ముట్టుకోకండి

ప్రశ్న: మా నాన్నగారికి పెద్దపేగు చివరి భాగంలో కణితి వస్తే ఒక ప్రైవేటు ఆస్పత్రిలో ఆపరేషన్ చేశారు. కణితి ఉన్న భాగం తీసేసి, మిగిలిన రెండు కొసలను స్టేప్లర్‌తో కలిపారు. కణజాలం మందాన్ని బట్టి స్ట్రోక్ పొడవు, అంటే పిన్నును మడిచే లోపలి భాగం కదిలే దూరం, తగ్గించుకోవడానికి, పెంచుకోవడానికి వీలున్న కొత్త రకం పరికరమని, అతుకు గట్టిగా ఉంటుందని చెప్పి దానికి విడిగా బిల్లు వేశారు. ఐదో రోజున అతుకు లీకైంది. ఏడో రోజున మళ్లీ పొట్ట తెరిచి, పాడైన అతుకు భాగం తీసేసి, పొట్ట మీద మలం చేరే సంచి అమర్చారు. ఎనిమిది నెలల తర్వాత దాన్ని మూశారు. ఇదంతా మొదలై ఇరవై రెండు నెలలైంది. డాక్టరుగారు ఒక్కసారి కూడా మా ముఖం చూసి మాట్లాడలేదు. అమెరికాలో ఇలాంటి స్టేప్లర్ల మీద వేల ఫిర్యాదులు వచ్చాయని చదివాను, ఆ కాగితాలు జతచేశాను. ఆపరేషన్ నోట్స్‌లో స్టేప్లర్ సెట్టింగ్ ఎంతో రాయలేదు. మా బావగారికి తెలిసిన ఆస్పత్రి ఉద్యోగి ఒకరు ఆ అంకె చేర్పించి ఇస్తానంటున్నారు. సంచి మూసి పద్నాలుగు నెలలే అయింది కాబట్టి ఇంకా పది నెలలు గడువుంది. కంపెనీ మీద కేసు వేస్తే గెలుస్తామా?

జవాబు: మీ లేఖ ఆరు పేజీలు. అందులో కేసును తేల్చే వాక్యాలు రెండే ఉన్నాయి. రెండింటినీ మీరు దారిలో పోతూ చెప్పినట్టు రాశారు. ఒకటి, ఆపరేషన్ నోట్స్‌లో సెట్టింగ్ రాయలేదన్నది. రెండోది నాలుగో పేజీలో ఉంది: ఆపరేషన్ జరిగేటప్పుడు ‘కంపెనీ మనిషి కూడా లోపలికి వెళ్లాడు’ అని. డాక్టరు మీ ముఖం చూశారా లేదా అన్నది ఏ వినియోగదారుల కమిషన్‌లోనూ విచారణాంశం కాదు. దాన్ని పక్కన పెట్టి అసలు విషయానికి వస్తాను.

సర్దుబాటు లేని మామూలు స్టేప్లర్‌లో పిన్నుల ఎత్తు క్యాట్రిడ్జ్‌తోనే, అంటే పిన్నులు నింపి ఉన్న భాగంతోనే, నిర్ణయమై ఉంటుంది. చాలా కంపెనీలు రంగులతో తేడా చూపిస్తాయి. పలుచని కణజాలానికి తెలుపు, మామూలు మందానికి నీలం, మందమైన దానికి ఆకుపచ్చ. పిన్ను కాళ్ల ఎత్తు వరుసగా సుమారు 2.5, 3.5, 4.8 మిల్లీమీటర్లు. ఏ రంగు వాడారో బిల్లులోనో స్టిక్కర్‌లోనో దొరుకుతుంది. కాబట్టి డాక్టరు ఏది ఎంచుకున్నారన్న దానికి కాగితం దానంతటదే పుడుతుంది.

మీ నాన్నగారికి వాడిన రకంలో అలా కాగితం పుట్టే సౌకర్యం లేదు. లోపలి భాగం ఎంత దూరం కదిలి పిన్నును ఎంత గట్టిగా మడవాలన్నది ఆపరేషన్ బల్ల దగ్గరే, ఆ క్షణంలోనే నిర్ణయిస్తారు. కదలిక చాలకపోతే పిన్ను కాళ్లు పూర్తిగా మడత పడవు, అతుకులో సందు మిగులుతుంది. ఎక్కువైతే కణజాలం నలిగి, రక్తప్రసారం తగ్గి, కొన్ని రోజులకు ఆ అంచు చచ్చుబడుతుంది. రెండు దారులూ లీకు దగ్గరికే చేరతాయి. ఐదో రోజున లీకైందన్నంత మాత్రాన ఏ దారిన వచ్చిందో తేలదు. పైగా ఎవరి తప్పూ లేకుండా కూడా పేగు అతుకు లీకు కావచ్చు. మీరు సంతకం చేసిన సమ్మతి పత్రంలో ఆ మాట ఉండే ఉంటుంది.

అందుకే ‘స్టేప్లర్ మంచిదా, చెడ్డదా’ అన్న మీ ప్రశ్నతో కేసు నిలబడదు. సర్దుకునే వీలున్న పరికరం విషయంలో న్యాయస్థానం మొదట అడిగేది ఎవరు సర్దారు, ఎంతకు సర్దారు అని. కంపెనీ ‘మా పరికరం సరైనదే, డాక్టరు తప్పుగా సర్దారు’ అంటుంది. డాక్టరు ‘నేను సరిగ్గానే సర్దాను, పరికరం పూర్తిగా కదల్లేదు’ అంటారు. 2019 వినియోగదారుల రక్షణ చట్టం 84వ సెక్షన్ ప్రకారం తయారీ లోపం, డిజైన్ లోపం, తగిన సూచనలు ఇవ్వకపోవడం, ఇచ్చిన హామీకి తగినట్టు లేకపోవడం వంటి వాటికి తయారీదారు బాధ్యుడే. కాని నిపుణుల చేతిలోనే వాడాల్సిన వస్తువు విషయంలో, ఆ నిపుణుడికి హెచ్చరికలు, సూచనలు అందేలా తగిన చర్యలు తీసుకుంటే, సూచనల లోపం పేరుతో తయారీదారును పట్టుకోలేమని 87వ సెక్షన్ చెబుతోంది. కంపెనీ న్యాయవాది మొదటి వాయిదాలోనే ఈ సెక్షన్ తీస్తారు.

‘కంపెనీ మనిషి లోపల ఉన్నాడు’ అన్న మీ వాక్యం విలువ ఇక్కడే ఉంది. అతను ఊరికే నిలబడ్డాడా, ఎంతకు తిప్పాలో చెప్పాడా, తానే తిప్పి అందించాడా? చెప్పాడనో తిప్పాడనో తేలితే, సూచనలన్నీ పుస్తకంలో ఇచ్చి ఊరుకున్నామని కంపెనీ అనలేదు. అతను లోపలికి వెళ్లిన సంగతి మీరు కళ్లారా చూశారు. చూసిన సమయం, అతను ఏమని పరిచయం చేసుకున్నాడు, పక్కన ఇంకెవరున్నారు అన్నవి ఇవాళే కాగితం మీద పెట్టి తేదీ వేసి సంతకం చేయండి. ఆపరేషన్ థియేటర్ రిజిస్టర్‌లో, లోపలికి వెళ్లినవారి వివరాల్లో అతని పేరు ఉండవచ్చు. దాన్ని కోరే పని కమిషన్ ద్వారా జరగాలి.

ఇప్పుడు మీ బావగారి సలహా సంగతి. దాన్ని వెంటనే ఆపించండి. ఆ ఉద్యోగికి మీ వైపు నుంచి ఇంకో ఫోను కూడా వెళ్లకూడదు. నోట్స్‌లో లేని అంకెను ఇప్పుడు చేర్పించడం తప్పుడు సాక్ష్యం సృష్టించడమే. భారతీయ న్యాయ సంహిత 228, 229 సెక్షన్ల కింద అది జైలుకు పంపే నేరం. రాసినవారితో పాటు రాయించినవారూ అందులో ఉంటారు. నేరం సంగతి అటుంచినా, కేసు దృష్టితో చూసినా ఇంతకు మించిన నష్టం లేదు. స్ట్రోక్ మార్చుకునే వీలుందని ప్రత్యేకంగా చెప్పి, విడిగా బిల్లు వేసిన పరికరాన్ని వాడి, దాన్ని ఎంతకు పెట్టారో రాయకపోవడం ఆస్పత్రి జవాబు చెప్పుకోవాల్సిన లోపం. ఉండవలసిన రికార్డు లేనప్పుడు దాన్ని ఉంచవలసిన వారికి వ్యతిరేకంగా ఊహించుకునే అధికారం న్యాయస్థానాలకు ఉంది. మీ చేతిలో ఉన్న అత్యంత బలమైన సాక్ష్యం ఆ ఖాళీయే. మీరు దాన్ని పూరిస్తే ఆ బలం పోవడమే కాదు, మిగతా రికార్డు అంతా మీకు అనుకూలంగా దిద్దించుకున్నారని అవతలివారు వాదించడానికి తలుపు తెరిచినట్టవుతుంది. మీ దగ్గరున్న నోట్స్ నకలు మీద పెన్సిల్ గీత కూడా పెట్టకండి.

ఆ నోట్స్‌లో ఉన్న ఖాళీ అదొక్కటే కాదు. మీరు పంపిన నకలులో ‘స్టేప్లర్‌తో అతుకు వేయబడింది’ అన్న ఒక్క వాక్యంతో సరిపెట్టారు. గుండ్రని స్టేప్లర్‌తో కొసలు కలిపినప్పుడు రెండు కణజాలపు ఉంగరాలు తెగి పరికరంలోకి వస్తాయి. అవి పూర్తిగా వచ్చాయా అని సర్జన్ చూసుకుంటారు. అతుకు వేశాక గాలి నింపి లీకు ఉందేమో పరీక్షించడం కూడా మామూలే. ఈ రెండూ చేశారో లేదో, చేస్తే ఏం కనబడిందో మీ కాగితంలో లేదు. మరో అనుభవజ్ఞుడైన సర్జన్ అభిప్రాయం తీసుకునేటప్పుడు ‘నిర్లక్ష్యం జరిగిందా’ అని అడగవద్దు. సెట్టింగ్, ఉంగరాలు, లీకు పరీక్ష, ఈ మూడూ నోట్స్‌లో ఉండాలా, ఉండకపోవడం ఆ వృత్తిలో అంగీకరించే పద్ధతేనా అని మాత్రమే అడగండి. ప్రశ్న ఎంత ఇరుగ్గా ఉంటే జవాబు అంత పనికొస్తుంది.

మిమ్మల్ని మందలించక తప్పని చోటు ఇది. మందుల షాపు బిల్లులు, స్టేప్లర్ బిల్లుతో సహా, అసలు ప్రతులన్నీ బీమా కంపెనీకి ఇచ్చేసి జిరాక్సు కూడా ఉంచుకోలేదని రాశారు. బ్యాచ్ నంబరు ఉండేది ఆ బిల్లులోనే. నంబరు లేకపోతే ఏ పరికరం గురించి మాట్లాడుతున్నామో ఎవరూ చెప్పలేరు. తయారీ లోపం ఆ బ్యాచ్‌లో ఇంకెక్కడైనా బయటపడిందా అని కూడా వెతకలేం. వాడిన స్టేప్లర్‌ను తెప్పించాలంటున్నారు. ఒకసారి వాడి పారేసే వస్తువు ఇరవై రెండు నెలల తర్వాత ఎక్కడుంటుంది? రెండో ఆపరేషన్ జరిగిన రోజే, పరికరాన్ని భద్రపరచమని నాలుగు వాక్యాల లేఖ ఇచ్చి ఉంటే ఇవాళ ఇంత వెతుకులాట ఉండేది కాదు.

అయినా దారులు పూర్తిగా మూసుకుపోలేదు. బీమా కంపెనీకి మీ క్లెయిం నంబరుతో లేఖ రాసి బిల్లుల నకళ్లు ధ్రువీకరించి ఇవ్వమనండి. ఆస్పత్రి ఫార్మసీ దగ్గర కూడా అమ్మకం రికార్డు ఉంటుంది. రెండో ఆపరేషన్‌లో తీసిన పేగు ముక్క పరీక్షకు వెళ్లి ఉంటే పాథాలజీ రిపోర్టు, దాని స్లైడ్లు ఉండవచ్చు. ఆ ముక్కలో స్టేప్లర్ పిన్నులు కూడా ఉంటాయి. అంచు చచ్చుబడిందని రిపోర్టు చెబితే ఒక దారి, పిన్నుల వరుస విడిపోయిందని చెబితే మరో దారి. రెండో ఆపరేషన్‌కు ముందు తీసిన సీటీ స్కాన్‌ను రిపోర్టుతో సరిపెట్టుకోకుండా చిత్రాలతో సహా డిస్కులో తీసుకోండి. లోహపు పిన్నులు స్కాన్‌లో కనబడతాయి, వాటి వరుస ఎక్కడైనా తెగిందా అన్నది రేడియాలజిస్టు చూసి చెప్పగలరు. మీరు ఆరు పేజీల్లో ఒక్కచోట కూడా ఈ స్కాన్ ప్రస్తావన తేలేదు, డిశ్చార్జి సమ్మరీ చదివితే నాకు కనబడింది.

వైద్యుల వృత్తి ప్రవర్తనపై 2002 నిబంధనల ప్రకారం రోగి గాని, అతని తరఫున అధికారం ఉన్నవారు గాని అడిగితే 72 గంటల్లో రికార్డులు ఇవ్వాలి. ఇన్‌పేషెంటు రికార్డులను చికిత్స మొదలైన నాటి నుంచి మూడేళ్లు ఉంచాలి. నోటిమాటగా అడిగితే అడిగినట్టు కాదు. నాన్నగారి సంతకంతో, కేస్ షీటు, నర్సింగ్ నోట్స్, అనస్థీషియా చార్టు, థియేటర్ రిజిస్టర్‌లో ఆ రోజు పేజీ, స్టేప్లర్ స్టిక్కర్ అని పేరుపేరునా రాసి, ఇచ్చినట్టు ముద్ర వేయించుకోండి. రిజిస్టర్డ్ పోస్టులో ఇంకో ప్రతి పంపండి.

గడువు విషయంలో మీ లెక్క తప్పు. వినియోగదారుల రక్షణ చట్టం 69వ సెక్షన్ ప్రకారం ఫిర్యాదుకు కారణం పుట్టిన రోజు నుంచి రెండేళ్లు. ఆ కారణం సంచి మూసిన రోజున పుట్టలేదు. అతుకు లీకైందని మీకు తెలిసిన రోజునే పుట్టిందని అవతలివారు వాదిస్తారు, ఆ వాదన గట్టిది. 2010లో సుప్రీంకోర్టు తీర్పు చెప్పిన శ్రీఖండే కేసు చూడండి. 1993లో ఆపరేషన్ చేయించుకున్న ఒక నర్సు కడుపులో గాజుగుడ్డ ఉండిపోయిందని 2002లో రెండో ఆపరేషన్‌లో బయటపడింది. ఆమె 2004లో ఫిర్యాదు చేశారు. గుడ్డ దొరికిన నాటి నుంచి చూస్తే రెండేళ్లు నిండలేదు. అయినా తొమ్మిదేళ్లు నొప్పి పడుతూ కారణం తెలుసుకునే ప్రయత్నం చేయలేదంటూ కోర్టు గడువు దాటిందనే తేల్చింది. అక్కడ లోపం ఎవరికీ కనబడకుండా లోపల దాగి ఉంది. మీ ఇంట్లో మాత్రం ఏడో రోజున అందరి కళ్ల ముందే పొట్ట మళ్లీ తెరిచారు. చికిత్స కొనసాగుతూనే ఉంది కాబట్టి సంచి మూసిన నాటి నుంచి లెక్కించాలని వాదించవచ్చు. కాని కేసు మొత్తాన్ని ఆ వాదన మీద పెట్టడం తెలివితక్కువ పని. మీకు మిగిలింది రెండు నెలలు. ఆలస్యానికి తగిన కారణం చూపితే మన్నించే అధికారం కమిషన్‌కు ఉన్నా, ‘పది నెలలు ఉందనుకున్నాను’ అనేది కారణంగా నిలవదు.

కాబట్టి రికార్డులన్నీ చేతికి వచ్చేదాకా ఆగకండి. వచ్చినవాటితో ఫిర్యాదు దాఖలు చేసి, రానివాటిని తెప్పించమని అందులోనే దరఖాస్తు పెట్టండి. ముందు లీగల్ నోటీసు ఇచ్చి జవాబు కోసం కూర్చోవాలన్న నియమం వినియోగదారుల చట్టంలో లేదు. మీరు నివసించే చోటున్న కమిషన్‌లోనే వేయవచ్చు. ఏ స్థాయి కమిషన్ అన్నది మీరు కోరే పరిహారాన్ని బట్టి ఉండదు, చెల్లించిన మొత్తాన్ని బట్టి ఉంటుంది. ఇంకో మాట: కంపెనీ మీద మాత్రమే వేస్తే కంపెనీ డాక్టరును చూపిస్తుంది, అక్కడ డాక్టరు ఉండరు. సర్జన్, ఆస్పత్రి, తయారీదారు, దిగుమతి చేసిన వస్తువైతే దిగుమతిదారు, నలుగురినీ ప్రతివాదులుగా చేర్చండి. అప్పుడు ఒకరి జవాబులో మరొకరి మీద సాక్ష్యం దొరుకుతుంది. సెట్టింగ్ ఎంతో చెప్పక తప్పని పరిస్థితి వాళ్ల మధ్యే వస్తుంది. ఫిర్యాదుదారుగా నాన్నగారు సంతకం చేయాలి. బిల్లులు కట్టిన మీరు ఆయనతో కలిసి ఉండవచ్చు.

మీరు జతచేసిన అమెరికా కాగితాల గురించి. 2011 జనవరి నుంచి 2018 మార్చి దాకా సర్జికల్ స్టేప్లర్లు, పిన్నుల మీద 41,000కు పైగా ఫిర్యాదు నివేదికలు, వాటిలో 366 మరణాలు నమోదయ్యాయని అక్కడి మందులు, వైద్య పరికరాల నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ 2019లో చెప్పిన మాట నిజం. 2021లో శరీరం లోపల వాడే స్టేప్లర్లను మొదటి తరగతి నుంచి రెండో తరగతికి మార్చి నియంత్రణ పెంచింది. కాని ఆ నివేదికల్లో పరికరం పనిచేయకపోవడంతో పాటు తప్పు సైజు పిన్నులు వాడటం కూడా ఉంది. అంటే ఆ కాగితం కంపెనీకీ పనికొస్తుంది, డాక్టరుకూ పనికొస్తుంది. కణజాలం మందానికి తగిన ఎంపిక ఎంత కీలకమో అందరికీ తెలిసిన విషయమేనని, అయినా దాన్ని రాయలేదని చూపడానికి మాత్రం దాన్ని వాడండి. మన దేశంలో వైద్య పరికరాల వల్ల జరిగిన హానిని నమోదు చేసే మెటీరియోవిజిలెన్స్ కార్యక్రమం 2015 నుంచి ఉంది. బ్యాచ్ నంబరు దొరకగానే అక్కడికీ ఒక నివేదిక పంపండి. దానివల్ల మీకు పరిహారం రాదు, కాని అదే బ్యాచ్ మరో రోగి మీద వాడేలోపు ఎవరో ఒకరు చూస్తారు.

పోలీసు కేసు పెట్టమని కూడా ఎవరో అన్నారని రాశారు. జేకబ్ మాథ్యూ కేసులో 2005లో సుప్రీంకోర్టు చెప్పిన ప్రకారం వైద్యుడి మీద క్రిమినల్ కేసుకు తీవ్రమైన నిర్లక్ష్యం ఉండాలి, మరో సమర్థుడైన డాక్టరు అభిప్రాయం మద్దతుగా ఉండాలి. మీ దగ్గర ఇవాళ ఆ రెండూ లేవు. ఆ దారిలో తిరిగితే మిగిలిన రెండు నెలలూ కరిగిపోతాయి.

రికార్డుల కోసం రాసే లేఖ రేపు వెళ్లాలి. బీమా కంపెనీకి రాసేది కూడా రేపే. మూడు వారాల్లో ఎన్ని కాగితాలు వస్తే అన్నింటితో, దిద్దని ఆ ఆపరేషన్ నోట్స్ నకలుతో సహా, వైద్య నిర్లక్ష్యం కేసులు నడిపిన న్యాయవాది ముందు కూర్చోండి.