ఎపిడ్యూరల్‌లో ఫెంటానిల్ కూడా కలుపుతామన్నారు, ఒప్పుకోవచ్చా?

తొమ్మిదో నెల నడుస్తోందని, మత్తు డాక్టర్ బుపివకైన్‌లో (మొద్దుబార్చే మందు) ఫెంటానిల్ (మార్ఫిన్ జాతికి చెందిన బలమైన నొప్పి మందు) కలిపి ఇస్తామన్నారని, ఫెంటానిల్‌ను మత్తు కోసం వాడి చనిపోతున్నారని వార్తల్లో విన్నప్పటి నుంచి టెన్షన్‌గా ఉందని రాశారు. నా రెండు కాన్పులూ ఎపిడ్యూరల్‌తోనే, అంటే నడుము దగ్గర వెన్నులో సన్నని గొట్టం పెట్టి నొప్పి తగ్గించే మందు ఇచ్చే పద్ధతితోనే అయ్యాయండీ. మొదటిది ఒకే మందుతో, రెండోది మీకు చెప్పిన ఈ మిశ్రమంతో.

మొదటిసారి బుపివకైన్ ఒక్కటే, 0.25 శాతం. నొప్పి పూర్తిగా పోయింది, కానీ కాళ్లు కూడా నావి కానట్టు అయిపోయాయి. మోకాలు మడవలేకపోయాను. పక్కకు తిరగాలంటే ఇద్దరు సిస్టర్లు పట్టుకోవాల్సి వచ్చింది. చివర్లో "నొప్పి వస్తోంది, ముక్కమ్మా" అంటుంటే అది ఎప్పుడు వస్తోందో నాకు తెలియనే లేదు. ఆఖరికి వాక్యూమ్ పెట్టి బాబుని తీశారు. అది మందు వల్లే అని కచ్చితంగా అనను, బాబు తల కూడా కాస్త తిరిగి ఉందట. కానీ ఆ గంటలు మాత్రం నేను మర్చిపోలేదు.

రెండోసారి మత్తు డాక్టర్‌ని ముందే కలిసి ఇదంతా చెప్పుకున్నాను. ఆవిడ ఓపిగ్గా వివరించారు. మందులు కలిపేది మత్తు పెంచడానికి కాదు, ఒక్కో మందూ తక్కువ వాడడానికి. బుపివకైన్ నరాల్లో సంకేతాలను ఆపుతుంది. అది ఎక్కువైతే నొప్పిని మోసే నరాలతో పాటు కాళ్లను కదిలించే నరాలూ మొద్దుబారతాయి. ఫెంటానిల్ పనిచేసే చోటు వేరు. అది వెన్నుపాములో నొప్పి కబురును అణుస్తుంది, కాళ్ల బలం జోలికి పోదు. అందుకే అది తోడుంటే బుపివకైన్ 0.1 శాతం, ఒక్కోసారి 0.0625 శాతం కూడా సరిపోతుంది. ఫెంటానిల్ మామూలుగా మిల్లీలీటరుకు 2 మైక్రోగ్రాములే, అంటే మిల్లీగ్రాములో ఐదు వందలో వంతు. వార్తల్లో చదివేది లెక్కాపత్రం లేకుండా వాడిన మందు గురించి.

బ్రిటన్‌లో వెయ్యి మందికి పైగా తొలిచూలు తల్లులతో చేసిన కామెట్ అధ్యయనం 2001లో వచ్చింది. పరికరాల సాయం లేకుండా మామూలుగా కన్నవాళ్లు పాత పద్ధతిలో (బుపివకైన్ ఒక్కటే, 0.25 శాతం) 35 శాతం, తక్కువ మోతాదు మిశ్రమంతో 43 శాతం.

నా విషయంలో మందు ఎక్కిన ఇరవై నిమిషాలకు నొప్పి తగ్గి, పొట్ట బిగుసుకోవడం మాత్రం తెలుస్తూ ఉంది. కాళ్లు ఎత్తగలిగాను. ముక్కాల్సిన సమయం నాకే తెలిసింది. పాప పుట్టగానే ఏడ్చింది. ఇబ్బంది లేదని కాదు: ముక్కు, ఛాతీ బాగా దురద పెట్టాయి, అది ఫెంటానిల్ వల్లే. ఒకసారి బీపీ తగ్గితే సెలైన్ వేగం పెంచారు.

బిడ్డ సంగతి అడిగారు. మాయ ద్వారా కొంత మందు చేరుతుంది. మొత్తం మోతాదు బాగా ఎక్కువైతే బిడ్డ మగతగా ఉండవచ్చు. అందుకే మోతాదు తక్కువగా ఉంచుతారు, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ ఉంటారు.

ఫెంటానిల్ వద్దని చెప్పే ముందు "బుపివకైన్ ఎంత శాతం ఇస్తారు?" అని అడగండి. మీ ప్లేట్‌లెట్ల (రక్తం గడ్డకట్టడానికి తోడ్పడే కణాలు) రిపోర్టు దగ్గర పెట్టుకోండి. రక్తం పలచబడే ఇంజెక్షన్లు వాడుతుంటే చివరి డోసు ఏ రోజు, ఎన్ని గంటలకు తీసుకున్నారో రాసి ఉంచండి. సూది పెట్టే ముందు వాళ్లు అడిగేది అదే.