తిన్నె చూడాలంటే ముందు తిథి చూడు

చిట్టీ,

నిన్న ఫోన్‌లో అండమాన్ ఫోటో పంపించి, రెండు దీవుల మధ్య ఆ తెల్లటి ఇసుక దారి మీద నడవాలని బాబు గోల చేస్తున్నాడన్నావు. అప్పటి నుంచి నా మనసు అక్కడే తిరుగుతోంది. ఫోన్‌లో చెబితే సగం నువ్వు మర్చిపోతావు, సగం నేను మర్చిపోతాను. అందుకే కూర్చుని రాస్తున్నా. టికెట్లు తీసేలోపు ఒకసారి నిదానంగా చదువు.

మొదటి మాట. లీవు ఎప్పుడు దొరికితే అప్పుడు వెళ్దామనుకోకు. ముందు పంచాంగం తియ్యి. ముహూర్తం కోసం కాదు, నీళ్ల కోసం. ఇసుక తిన్నె గుడిలా, కొండలా ఎప్పుడు వెళ్లినా కనిపించేది కాదు. సముద్రం దిగినప్పుడు బయటపడుతుంది, ఎక్కినప్పుడు మునిగిపోతుంది. నీళ్లు దిగడాన్ని ఆటు అంటారు, ఎక్కడాన్ని పోటు. అండమాన్‌లో రోజుకు రెండు ఆట్లు, రెండు పోట్లు వస్తాయి. ఒకదానికీ ఇంకోదానికీ మధ్య ఆరు గంటల పైన కాస్త. ఈ రోజు ఆటు తొమ్మిదింటికి వస్తే రేపు సుమారు తొమ్మిదీ యాభైకి వస్తుంది. అంటే నెట్‌లో ఎవరో "ఉదయం పదింటికి వెళ్లండి" అని రాస్తే అది వాళ్లు వెళ్లిన రోజుకే చెల్లుతుంది, నీ రోజుకు కాదు.

ఇక తిథి. అమావాస్యకీ పౌర్ణమికీ సూర్యుడు, చంద్రుడు, భూమి ఒకే వరసలో ఉంటాయి కాబట్టి పోటు బాగా పైకి ఎక్కుతుంది, ఆటు బాగా కిందికి దిగుతుంది. ఆ తిథి దాటాక ఒకటి రెండు రోజులు ఇంకా జోరుగా ఉంటుంది. తిన్నె నిండుగా బయటపడేది అప్పుడే. అష్టమి ప్రాంతంలో తేడా బాగా తగ్గిపోతుంది, నీళ్లు ఎక్కువ దిగవు. అమావాస్యకు బయలుదేరతారా అని మీ అత్తగారు బాధపడితే ఆమె మాట కొట్టేయకు. రెండు మూడు రోజుల ముందే బయలుదేరండి, అమావాస్య నాటికి అక్కడే ఉంటారు. లేదంటే పౌర్ణమి ఎంచుకో, ఏ గొడవా లేదు.

ఈ సంగతి తెలియకే మేము దెబ్బతిన్నాం. నేను రిటైరైన ఏడాది మీ పెదనాన్నా నేనూ ఒక ప్యాకేజీలో వెళ్లాం. వాళ్లు మధ్యాహ్నం భోజనాలయ్యాక మమ్మల్ని బోటెక్కించారు. తీరా వెళితే దీవి ఉంది, ఎదురుగా ఇంకో దీవీ ఉంది, మధ్యలో తిన్నె లేదు! నడుము లోతు నీళ్లు. నీళ్ల అడుగున లేత ఆకుపచ్చ గీతలా తిన్నె కనిపిస్తోంది, కాలు పెట్టే వీలు లేదు. మా గుంపులో ఒకావిడ ఏడ్చేసింది. బోటతను శ్రీకాకుళం వైపు మనిషి, మన తెలుగే. అక్కడ మనవాళ్లు చాలామంది ఉన్నారు. "అమ్మా, రేపు పొద్దున్నే మొదటి బోటుకి రండి" అన్నాడు. మీ పెదనాన్న ఇంకేం ఆలోచించలేదు. ప్యాకేజీ వాళ్లని వెళ్లిపొమ్మని ఒక రోజు సొంత ఖర్చుతో ఆగిపోయాం.

మర్నాడు పొద్దున చూసింది నీకు ఎలా చెప్పాలి? చెప్పులు విప్పి దిగాను. ఇసుక తడిగా, చల్లగా, గట్టిగా ఉంది. రెండు పక్కలా సముద్రం. నడుమ తిన్నె సన్నబడే చోట కుడి పక్క నుంచి ఒక చిన్న అల, ఎడమ పక్క నుంచి ఇంకో చిన్న అల వచ్చి సరిగ్గా నా పాదాల దగ్గర కలుసుకున్నాయి. జడ అల్లినట్టు ఒకదానిలో ఒకటి దూరి వెనక్కి వెళ్లిపోయాయి. కాస్త పైన, తడి ఆరని ఇసుక మీద వేలాది చిన్న చిన్న ఇసుక ఉండలు. ఒక్కోటి ఆవగింజ నుంచి మిరియపు గింజంత. వంగి చూస్తే వేలి గోరంత ఎండ్రకాయలు. ఇసుక నోట్లో పెట్టుకుని, అందులో ఉన్న తిండి తీసుకుని, మిగిలింది ఉండ చేసి పక్కన పెడుతున్నాయి. కన్నం చుట్టూ వరసలు వరసలుగా, అచ్చం ధనుర్మాసంలో మనం పెట్టే చుక్కల ముగ్గులాగే. నేను అరగంట అక్కడే కూర్చుండిపోయాను. బాబుకి ఇది తప్పకుండా చూపించు. తొక్కకుండా చూడమను.

ఆ చోటు పేరు రాస్ అండ్ స్మిత్. ఇక్కడ జాగ్రత్త. పోర్ట్ బ్లెయిర్ పక్కన, బ్రిటిష్ వాళ్ల పాత కట్టడాలున్న ఇంకో రాస్ దీవి ఉంది. దానికి 2018లో నేతాజీ సుభాష్ చంద్రబోస్ దీవి అని పేరు మార్చారు. తిన్నె ఉన్నది అక్కడ కాదు, ఉత్తర అండమాన్‌లో, డిగ్లీపూర్ దగ్గర. పోర్ట్ బ్లెయిర్‌కి కూడా 2024లో శ్రీ విజయపురం అని పేరు పెట్టారు, బుకింగుల్లో రెండు పేర్లూ కనిపిస్తే కంగారుపడకు. అక్కడి నుంచి డిగ్లీపూర్‌కి రోడ్డు మీద 300 కిలోమీటర్ల పైనే. ఒక రోజంతా ప్రయాణానికే పోతుంది. దారిలో జారవాలనే ఆదివాసుల అడవి వస్తుంది. బళ్లన్నీ వరసగా కాన్వాయ్‌లో వెళ్లాలి, ఆపకూడదు, వాళ్లని ఫోటో తీయకూడదు. అది నేరం. నేరం కాకపోయినా తీయకూడదు, అది వాళ్ల ఇల్లు. డిగ్లీపూర్ నుంచి ఏరియల్ బే జెట్టీకి వెళ్లి, అటవీ శాఖ పర్మిషన్ తీసుకుని బోటెక్కాలి. ఇంత దూరం పోతున్నారు కాబట్టి డిగ్లీపూర్‌లో కనీసం రెండు రాత్రులు ఉండండి. ఒక పొద్దు వాన పడినా ఇంకో పొద్దు చేతిలో ఉంటుంది. ఇరవై దీవులు పరుగెత్తి చూడటం కంటే ఇదొక్కటి తృప్తిగా చూడటం మేలని నా నమ్మకం. పక్కనే కాలీపూర్ బీచ్ ఉంది, చలికాలంలో తాబేళ్లు గుడ్లు పెట్టడానికి వస్తాయి. టార్చి వేసి వాటిని బెదరగొట్టకండి.

చీకటి సంగతి కూడా గుర్తు పెట్టుకో. అక్కడా మన టైమే, కానీ దీవులు చాలా తూర్పున ఉన్నాయి. డిసెంబరులో సాయంత్రం ఐదింటికే పొద్దు గూకుతుంది. తెల్లారడమూ తొందరే. తిరుపతిలో లేచినట్టు లేస్తే సగం రోజు పోతుంది.

ఇప్పుడు భయం మాట. తిన్నె మీద ఉన్నప్పుడు నీళ్లు తిరిగి ఎక్కడం నెమ్మదిగా ఉంటుందనుకుంటాం. కాదు. ఒక బిందె పన్నెండు చెంబులు పడుతుందనుకో. ఆటు నుంచి పోటు దాకా ఆరు గంటల్లో మొదటి గంట ఒక చెంబు, రెండో గంట రెండు, మూడో గంట మూడు, నాలుగో గంట మూడు, తర్వాత రెండు, చివర ఒకటి. అంటే నడిమి రెండు గంటల్లోనే సగం బిందె నిండిపోతుంది. మొదటి గంట చూసి "ఇంకా బోలెడు టైముంది" అనుకున్నవాళ్లే ఇరుక్కుంటారు. పైగా తిన్నె మునిగేది చివర నుంచి కాదు, పల్లంగా ఉన్న నడుమ నుంచి. అక్కడ నీళ్లు అడ్డంగా దాటేటప్పుడు మోకాలి లోతే ఉన్నా కాళ్లు లాగేస్తాయి. బాబుని ఆ చోట ఆడుకోనివ్వద్దు, లైఫ్ జాకెట్ విప్పనివ్వద్దు. బోటతను రమ్మంటే వెంటనే రండి, ఇంకో ఫోటో అని ఆగొద్దు. అండమాన్ వాగుల్లో, తీరాల్లో ఉప్పునీటి మొసళ్లు కూడా ఉన్నాయి. బోర్డు ఉన్న చోట, మడ అడవి పక్కన నీళ్లలో దిగొద్దు.

ఎండ గురించి నాకు తెలిసింది నా ఒళ్లే నేర్పింది. ఆ ఇసుక పగడాల పొడి, తెల్లగా మెరుస్తుంది. వెలుగు పైనుంచీ వస్తుంది, కిందనుంచీ వస్తుంది. టోపీ పెట్టుకున్నా నా గడ్డం కిందా, పాదాల మీదా కమిలిపోయాయి, వారం రోజులు చెప్పులు వేసుకోలేకపోయాను. సన్‌స్క్రీన్ అక్కడ కూడా రాయండి. గొడుగు గాలికి నిలవదు, తలకి కాటన్ తుండు గట్టిగా కట్టుకోండి. నీడ ఉండదు, అంగడి ఉండదు. నీళ్లు, ఓఆర్ఎస్ ప్యాకెట్లు, బొరుగులు, వేరుశనగ ఉండలు పెట్టుకో. కవర్లన్నీ తిరిగి తెచ్చేయండి. గవ్వలు, పగడపు ముక్కలు మాత్రం తేవద్దు. పగడాలు తేవడం చట్టప్రకారం తప్పు, ఎయిర్‌పోర్టులో పట్టుకుంటారు కూడా.

అల్లుడు లక్షద్వీప్ అన్నాడట కదా. అదీ మంచి ఆలోచనే. బంగారం, తిన్నకర దీవులు రెండూ ఒకే లగూన్‌లో ఉంటాయి, చుట్టూ పగడపు గోడ ఉండటంతో అలలు తక్కువ, చిన్నపిల్లలకి హాయి. కానీ ముందే పర్మిట్ తీసుకోవాలి, దానికి టైము పెట్టుకోండి. విదేశమే అంటే థాయ్‌లాండ్‌లో క్రాబీ దగ్గర థలే వేక్ ఉంది, ఆటు వేళ మూడు దీవులు ఇసుకతో కలుస్తాయి. అక్కడా ఇదే తిథి లెక్క. ఫిలిప్పీన్స్‌లో కామిగిన్ దగ్గర వైట్ ఐలాండ్ అని చెట్టు ఒక్కటి కూడా లేని తిన్నె ఉంది, తెల్లవారుజామునే వెళ్లి రావాలి. మాల్దీవుల్లో ఇలాంటివి లెక్కలేనన్ని. అయితే మీ అమ్మ మోకాళ్లతో, ఆరేళ్ల పిల్లాడితో మొదటి సముద్ర ప్రయాణానికి మన దేశమే సుఖం.

ఈ ఏడాది డబ్బులు కుదరకపోతే దిగులు పడొద్దు. ఇక్కడి నుంచి రామేశ్వరం రైలెక్కి ధనుష్కోడి వెళ్లండి. 1964 తుఫానులో ఆ ఊరు పోయింది, పాడుబడిన చర్చి గోడలు ఇంకా నిలబడి ఉన్నాయి. రోడ్డు చివర అరిచల్‌మునై దగ్గర ఇసుక ముక్కులా సముద్రంలోకి పొడుచుకుపోతుంది. ఒక పక్క శాంతంగా, ఇంకో పక్క ఉరకలుగా ఉంటుంది. అక్కడివాళ్లు ఆడ సముద్రం, మగ సముద్రం అంటారు. అక్కడి నుంచే లంక వైపు సేతువు తిన్నెలు మొదలవుతాయి. చూడండి, దిగొద్దు. చిన్నప్పుడు మీ అమ్మా నేనూ స్వర్ణముఖి ఇసుకలో చెలమలు తవ్వుకుని నీళ్లు తాగాం. నేను సముద్రాన్ని మొదటిసారి చూసింది ఆ ధనుష్కోడిలోనే, అమ్మ కొంగు పట్టుకుని.

అండమాన్‌కే అయితే జనవరి నుంచి ఏప్రిల్ లోపు చూసుకో, సముద్రం నెమ్మదిగా ఉంటుంది. తిథి చూశాక, అక్కడి ఆటుపోట్ల టైములు హైదరాబాద్‌లో ఉన్న ప్రభుత్వ సముద్ర సమాచార సంస్థ ఇన్‌కాయిస్ (INCOIS) వెబ్‌సైట్‌లో చూడు. అలల హెచ్చరికలు కూడా వాళ్లే ఇస్తారు. బయలుదేరే ముందు రోజు ఇంకోసారి చూడు. మీ అమ్మకి మోకాలి బెల్టూ, బోటు వాంతులకి డాక్టర్‌ని అడిగి మాత్రలూ తీసి పెట్టు. కొత్త పంచాంగం నా దగ్గరే ఉంది, టీవీ పక్కన పెట్టాను. నీకు సెలవు దొరికే నెలలు చెప్పు, పౌర్ణమి తేదీలు రాసి పంపిస్తా.

మీ పెద్దమ్మ
తిరుపతి