నల్లమలకు పోతున్నారట కదా చిన్నా

చిన్నా,

దసరా సెలవుల్లో పిల్లల్నీ మీ అత్తమామల్నీ తీసుకుని మన్ననూరు వైపు పోతున్నారని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. మాల్స్ చుట్టూ తిప్పకుండా పిల్లలకు అడవి చూపించాలని నీకు తోచింది చూడు, విని ఎంత పొంగిపోయానో! కానీ ఆ రాత్రి సరిగా నిద్ర పట్టలేదు. ఫోన్‌లో చెబితే "సరే పెద్దమ్మా, సరే సరే" అని పెట్టేస్తావు, అందుకే రాస్తున్నా. కోడలికి కూడా చదివి వినిపించు.

మామూలు సంగతులు ముందు చెప్పేస్తా. వానాకాలంలో ఆపేసిన సఫారీ అప్పుడే మళ్ళీ మొదలవుతుంది, పైగా పండగ రద్దీ, కాబట్టి సఫారీ, కాటేజీ అటవీశాఖ వాళ్ళ దగ్గర ముందే బుక్ చేసుకో. అడవిలోకి పోకముందే పెట్రోల్ కొట్టించు. లోపల చాలాచోట్ల సిగ్నల్ ఉండదు. అమ్రాబాద్ టైగర్ రిజర్వ్‌లో ప్లాస్టిక్ నిషేధం, నీళ్ళకు స్టీలు బాటిళ్ళు పెట్టుకోండి. మన్ననూరు చెక్‌పోస్టు రాత్రి 9కి మూస్తే మళ్ళీ పొద్దున 6కే తీస్తారు, అవతల దోమలపెంట దగ్గరా అంతే. పిల్లలతో అక్కడ ఇరుక్కుపోవద్దు, చీకటి పడకముందే బయటపడండి.

పులి కనబడుతుందని మాత్రం పిల్లలకు ఆశ పెట్టకు. 2,600 చదరపు కిలోమీటర్లకు పైగా ఉన్న అడవి అది, పులి తనకు ఇష్టమైతేనే కనబడుతుంది. దుప్పులు, కణుజులు, నెమళ్ళు చూస్తే చాలనుకోండి. అప్పటికి వానలు పడి ఉంటాయి కాబట్టి వెదురు పచ్చగా ఉంటుంది. తునికి చెట్టేదో, ఇప్ప చెట్టేదో పాపకు చూపించు, నీకు తెలియకపోతే గైడును అడుగు, సిగ్గేం లేదు.

ఇక నా భయం సంగతి. కోతులు. నవ్వకు.

నీ ఎడమ మణికట్టు మీద మచ్చ కోతి కరిచినదని నీకు తెలుసు. ఎట్లా కరిచిందో మీ అమ్మ నీకెప్పుడూ పూర్తిగా చెప్పి ఉండదు, తాతయ్య మీద మాట పడనివ్వదు అది. నీకప్పుడు మూడేళ్ళు. శ్రీశైలంలో దర్శనం చేసుకుని జీపులో తిరిగొస్తూ అడవి దారిలో టీకి ఆగాం. మా నాన్నకు ఆంజనేయస్వామి అంటే ప్రాణం, శనివారం కోతికి ఏదో ఒకటి పెట్టందే తాను అన్నం ముట్టేవాడు కాదు. రోడ్డు పక్కన కోతుల గుంపు చూసేసరికి ఆయన మొహం వెలిగిపోయింది. నిన్ను చంకనెత్తుకుని, నీ చేతికి అరటిపండిచ్చి, "స్వామికి పెట్టు నాన్నా" అన్నాడు. ముందు పిల్ల కోతులొచ్చాయి, నువ్వు కిలకిలా నవ్వావు. తర్వాత ఒక పెద్ద గండు కోతి వచ్చి నీ ఎదురుగా గోడ మీద కూర్చుంది. నువ్వు దాని కళ్ళలోకి చూస్తూ పళ్ళన్నీ బయటపెట్టి ఇంకా నవ్వావు. కళ్ళలోకి చూసి పళ్ళు చూపిస్తే కోతి లెక్కలో అది నవ్వు కాదురా, కయ్యానికి కాలు దువ్వడం. అది పండు లాగింది. నువ్వేమో వదల్లేదు, చిన్నప్పుడు నీ పట్టు అంత గట్టిది. "వదిలెయ్" అని అరవాలని ఎవరికీ తోచేలోపే అయిపోయింది.

మా నాన్న కండువాతో కట్టు కట్టాడు. టీ కొట్టు ఆవిడ పసుపు తెచ్చి పెట్టింది, ఇంకొకాయన కాఫీపొడి అద్దాడు. సబ్బుతో కడగాలని ఒక్కరూ అనలేదు. "స్వామే కదా, ఏం కాదులే" అని దారంతా నాన్న అంటూనే ఉన్నాడు, కానీ ఆ గొంతులో ధైర్యం లేదు. మొదట పోయిన ఆసుపత్రిలో రేబీస్ మందు లేదన్నారు, ఆ రాత్రే హైదరాబాద్ పరుగెత్తాం. ఆ కాలంలో ఇంజక్షన్లు బొడ్డు చుట్టూ పొడిచేవాళ్ళు. నువ్వు ఏడ్చినప్పుడల్లా ఆయన వరండాలో గోడకు నుదురు ఆనించి నిలబడేవాడు. ఆ తర్వాత మళ్ళీ కోతికి చేత్తో పెట్టలేదు. ఊరి గుడి వెనక జువ్విచెట్టు నాటించి, ఎండాకాలమంతా తానే నీళ్ళు మోసి బతికించాడు. నీ మీద ఆయనకున్న ప్రేమలో ఇసుమంతైనా లోటు లేదు చిన్నా, అది మాత్రం మనసులో పెట్టుకో.

అందుకే చెబుతున్నా, కోతులున్నచోట కారు ఆపొద్దు, అద్దాలు దించొద్దు. తినేవి కవర్లలో పట్టుకు తిరగొద్దు, ఆ చప్పుడు వాటికి బాగా తెలుసు. ఎదురుపడితే కళ్ళలోకి చూడకుండా, పరుగెత్తకుండా మెల్లగా పక్కకు రండి. చేతిలో ఉన్నది లాగితే వదిలెయ్యమని పిల్లలకు ఇంట్లోనే నేర్పించు, ఊరికే చెప్పడం కాదు, ఆటలా ఆడించు. కరిచినా రక్కినా పంపు నీటి కింద సబ్బుతో 15 నిమిషాలు కడగాలి, పసుపూ వద్దు, కాఫీపొడీ వద్దు, ఆలస్యం చేయకుండా ఆసుపత్రికి పోవాలి. ఇప్పుడు ఇంజక్షన్లు చేతికే వేస్తారు, చర్మం తెగి రక్తం వస్తే గాయం చుట్టూ వేసే మందు ఇంకోటి ఉంది, అది కూడా అడుగు.

మీ అత్తగారు కొబ్బరి చిప్పలు, పుట్నాలు సంచిలో పెట్టుకుని వస్తారని నాకు తెలుసు. ఆమె భక్తిని కాదనడం లేదు. రోడ్డు మీద తిండికి అలవాటుపడ్డ కోతులు చెట్లమీది పండ్లు వదిలేసి బండ్ల కిందికొస్తున్నాయి. తల్లి చచ్చిపోయినా దాని పొట్టను వదలకుండా పట్టుకుని ఉన్న పిల్లను ఆ దారిలోనే చూశాను నేను. ఆ మాట ఆవిడకు నెమ్మదిగా చెప్పు. నీకు మొహమాటమైతే నా నంబరుంది కదా, నేనే మాట్లాడతా.

మల్లెలతీర్థం దగ్గర మెట్లు చాలా ఉంటాయి, మీ మామగారి మోకాళ్ళ సంగతి చూసుకో, కిందికి దిగినా పిల్లల్ని నీళ్ళలోకి వదలకు, అక్కడ రాళ్ళు బాగా జారుతాయి. చెంచుల గూడేలకు పోతే అడగకుండా ఫోటోలు తీయొద్దు. తేనె దొరికితే నాకొక సీసా.

తిరుగు దారిలో అచ్చంపేటలో మన ఇంట్లో భోంచేసి పోవాలి. పాప కారం తింటుందో లేదో కోడల్ని అడిగి ముందే మెసేజ్ పెట్టు, దాన్నిబట్టి పప్పు వేరేగా వండుతా.

మీ పెద్దమ్మ